మోటర్‌హోమ్ వెనక జీప్ కట్టాలంటే: బేస్‌ప్లేట్ నుంచి బ్రేక్ దాకా

అమెరికాలో మోటర్‌హోమ్, అంటే లోపల ఇల్లులా అమర్చిన పెద్ద బండి, వేసుకుని ఊళ్లు తిరిగేవాళ్లకి మొదటి రెండు రోజుల్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. ముప్పై అడుగుల బండిని క్యాంప్‌గ్రౌండ్‌లో నిలిపి, కరెంటూ నీళ్లూ కలుపుకున్నాక, పాలు తేవాలంటే మళ్లీ అంతా ఊడదీసి ఆ బండినే కదిలించాలి. అందుకే చాలామంది వెనక ఒక చిన్న కారు కట్టుకుని వెళతారు. కారుని ట్రెయిలర్ మీద ఎక్కించకుండా, నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లేలా లాక్కెళ్లడాన్ని ఫ్లాట్ టోయింగ్ అంటారు. ఆ పద్ధతిలో 2018 నుంచి వస్తున్న జీప్ రాంగ్లర్ జెఎల్ మోడల్‌కి సామాను బిగించే విధానం ఇక్కడ ఉంది. వేరే కారయితే బోల్టులు మారతాయి, పని వరస మారదు.

కొలతలకి ముందే కొనడం, వైరింగ్ పరీక్షించకుండా బయల్దేరడం, ఈ రెండింటి వల్లే ఎక్కువ గొడవలు వస్తాయి. ఇనుప పని కష్టంగా కనిపిస్తుంది గానీ దానిలో తప్పు జరిగితే కంటికి కనబడుతుంది. వైర్లలో తప్పు కనబడదు.

మీ కారు అసలు పనికొస్తుందా

ఇంట్లో ఉన్న కారునే కట్టేద్దాం అనుకోవద్దు. అక్కడి మన తెలుగు ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించే క్యామ్రీ, సియెన్నా, టెస్లా ఏవీ ఇలా లాగడానికి పనికిరావు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఆయిల్ పంపు తిరగదు. చక్రాలు మాత్రం లోపలి భాగాల్ని తిప్పుతూనే ఉంటాయి, నూనె అందక అవి అరిగి కాలిపోతాయి. టెస్లాలో చక్రం తిరిగితే మోటారూ తిరుగుతుంది, కాబట్టి చక్రాలు నేలకి తగలకుండానే తరలించమని కంపెనీయే చెబుతుంది. హోండా సీఆర్‌వీ 2014 దాకా పనికొచ్చేది, 2015లో సీవీటీ అనే మెట్లు లేని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వచ్చాక ఆ దారి మూసుకుపోయింది.

రాంగ్లర్‌కి ఇంత ఆదరణ ఉండడానికి కారణం దాని ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె. దాన్ని న్యూట్రల్‌లో పెడితే చక్రాలకీ గేర్‌బాక్సుకీ సంబంధం తెగిపోతుంది. ఏ కారయినా ఓనర్స్ మాన్యువల్‌లో 'వినోద వాహనం వెనక లాగడం' అన్న పేజీ తెరిచి చూడాలి. అదే కారులో ఒక ఇంజిన్ రకానికి అనుమతి ఉండి ఇంకోదానికి లేకపోవచ్చు. సేల్స్‌మన్ మాట మీద మాత్రం వెళ్లకండి.

అద్దెకి తీసుకున్న మోటర్‌హోమ్ అయితే కంపెనీలు సాధారణంగా కారు కట్టనివ్వవు. ఒప్పందం చదవకుండా సామాను కొనకండి.

బరువుల లెక్క

మోటర్‌హోమ్ డ్రైవరు తలుపు దగ్గర ఉండే స్టిక్కర్‌లోనూ ఛాసిస్ పుస్తకంలోనూ రెండు అంకెలు ఉంటాయి. జీవీడబ్ల్యూఆర్ అంటే మనుషులూ సామానూ కలుపుకుని ఆ బండి ఒక్కటీ ఉండదగ్గ గరిష్ఠ బరువు. జీసీడబ్ల్యూఆర్ అంటే బండీ, వెనక లాగేదీ కలిపి గరిష్ఠం. ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్‌లో 18,000 పౌండ్ల రకానికి జీసీడబ్ల్యూఆర్ 23,000 పౌండ్లు. అంటే బండి నిండా సామాను నింపితే వెనక 5,000 పౌండ్లే మిగులుతాయి. నాలుగు తలుపుల రాంగ్లర్ ఇంచుమించు 4,200 నుంచి 4,500 పౌండ్లు, అంటే రెండు టన్నులు. సరిపోతుంది, కానీ అంతకంటే పెద్దగా ఏమీ మిగలదు. జీప్ వెనక సీట్లో గ్యాస్ గ్రిల్లూ సైకిళ్లూ వేస్తే ఆ కాస్తా పోతుంది. ఫోర్డ్ ఈ-450 వ్యాన్ ఛాసిస్ మీద కట్టిన, క్లాస్ సీ అనే రకం మోటర్‌హోమ్‌లలో జీసీడబ్ల్యూఆర్ 22,000లోంచి జీవీడబ్ల్యూఆర్ 14,500 తీసేస్తే 7,500 కనిపిస్తుంది. అది చూసి సంతోషపడేలోగా హిచ్ (మోటర్‌హోమ్ వెనక కారు తగిలించే ఇనుప అమరిక) మీద అతికించిన లేబుల్ చదవండి. అక్కడ 5,000 అని ఉంటే మీ పరిమితి 5,000 పౌండ్లే.

హిచ్, దాని ఎత్తుని సర్దే డ్రాప్ రిసీవర్, రెండు బండ్లనీ కలిపే టో బార్, జీప్ ముందు ఫ్రేమ్‌కి బిగించే బేస్‌ప్లేట్, బార్ ఊడినా కారుని పట్టి ఉంచే సేఫ్టీ కేబుళ్లు, వీటిలో ఏది తక్కువ తట్టుకోగలదో మొత్తం సెట్టు అంతే తట్టుకుంటుంది. టో బార్లు 6,000, 8,000, 10,000 పౌండ్ల రకాలుగా దొరుకుతాయి. రాంగ్లర్‌కి 6,000 పనిచేస్తుంది. అయినా 8,000 లేదా 10,000 రకం కొంటే రేపు కారు మార్చినా బార్ మార్చక్కర్లేదు.

ఎత్తు కొలవడం

ఇది టేపు పట్టుకుని అయిదు నిమిషాల్లో అయ్యే పని, వదిలేసేవాళ్లే ఎక్కువ. మోటర్‌హోమ్‌లో నీళ్లు, డీజిల్, సామాను ప్రయాణానికి నింపినట్టే నింపి, చదునైన చోట నిలపండి. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే నడిపే ఎత్తుకి తేవాలి. నేల నుంచి హిచ్ రిసీవర్ గొట్టం మధ్యకి ఎంతో రాసుకోండి. తర్వాత నేల నుంచి జీప్ బేస్‌ప్లేట్‌లో టో బార్ తగిలే చోటికి ఎంతో రాసుకోండి. ఈ రెండింటి తేడా 3 అంగుళాలు దాటకూడదు.

ఎందుకంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు రెండు టన్నుల కారు బార్ వెంబడి ముందుకి తోస్తుంది. బార్ వాలుగా ఉంటే ఆ తోపులో కొంత పైకీ కిందకీ మళ్లుతుంది. కారు వైపు బాగా ఎత్తుగా ఉంటే కారు ముందు భాగం లేవడానికి చూస్తుంది, బాగా కిందుగా ఉంటే మోటర్‌హోమ్ తోక లేస్తుంది.

ఉదాహరణకి రిసీవర్ 17 అంగుళాలు, బేస్‌ప్లేట్ 22 అంగుళాలు వచ్చాయనుకుందాం. తేడా 5. అప్పుడు 4 అంగుళాల డ్రాప్ రిసీవర్‌ని తలకిందులుగా, అంటే పైకి లేచేలా పెడితే 21 అవుతుంది, తేడా ఒక్క అంగుళం. ఇవి 2, 4, 6, 8 అంగుళాల మెట్లలో దొరుకుతాయి. పొడవు పెరిగేకొద్దీ కొన్నిటి రేటింగ్ తగ్గుతుంది, లేబుల్ చూసి కొనండి. సస్పెన్షన్ ఎత్తు పెంచిన జీప్ అయితే బేస్‌ప్లేట్ బిగించాకే కొలిచి ఇది కొనడం మేలు.

ఏమేం కావాలి

బ్లూ ఆక్స్, రోడ్‌మాస్టర్, డెమ్‌కో అన్నవి ఈ సామాను చేసే పెద్ద పేర్లు. ఒక కంపెనీ బార్‌ని ఇంకో కంపెనీ బేస్‌ప్లేట్‌కి తగిలించే అడాప్టర్లు ఉన్నాయి గానీ, మొదటిసారి కొనేవాళ్లు రెండూ ఒకే కంపెనీవి తీసుకుంటే సుఖం. మీ జీప్ సంవత్సరానికీ, బంపర్ రకానికీ సరిపోయే బేస్‌ప్లేట్, టో బార్, రెండు సేఫ్టీ కేబుళ్లు, డ్రాప్ రిసీవర్, లైట్ల వైరింగ్ కిట్, రెండు బండ్ల మధ్య చుట్టలు చుట్టుకునే కేబుల్, అదనపు బ్రేక్ పరికరం, బ్రేక్‌అవే స్విచ్, బ్యాటరీ చార్జింగ్ లైను. పనిముట్లలో, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్ తప్పనిసరి. పానాతో 'గట్టిగా బిగించాం' అంటే కుదరదు.

చాలామంది రాంగ్లర్‌కి కొనుక్కునే ఇనుప బంపర్లకి ముందు రెండు కొక్కేల చెవులు ఉంటాయి. బురదలో దిగబడ్డ బండిని ఒకసారి లాగడానికి పెట్టినవి అవి. బంపర్ తయారీదారు టో బార్‌కి పనికొస్తాయని రాతపూర్వకంగా చెబితే తప్ప వాటికి తగిలించకండి.

బేస్‌ప్లేట్ బిగించడం

బ్యాటరీ నెగటివ్ కేబుల్ ఊడదీసి మొదలెట్టండి. చాలా రాంగ్లర్‌లలో స్టాప్-స్టార్ట్ (బండి ఆగినప్పుడు ఇంజిన్ దానంతట అదే ఆగి మళ్లీ మొదలవడం) కోసం రెండో చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది, ఉంటే దాని నెగటివ్ కూడా వేరుచేయాలి. ఫాగ్ లైట్ల కనెక్టర్లు విప్పి, కింది ప్లాస్టిక్ కవరు తీసి, బంపర్ నట్లు తీయండి. బంపర్ బరువు, పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి. తీసిన ప్రతి నట్టునీ ఎక్కడిదో రాసిన సంచిలో వేసుకోండి. విప్పేటప్పుడు వరసగా నాలుగు ఫొటోలు తీసుకుంటే తిరిగి పెట్టేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

బేస్‌ప్లేట్‌ని ఫ్రేమ్ కొమ్ములకి ఆనించి, అన్ని బోల్టులూ చేత్తో తిరిగేంత వదులుగా ముందు ఎక్కించాలి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే మూడోది బెజ్జంలో కూర్చోదు. పెట్టె ఆకారంలో ఉన్న ఫ్రేమ్ లోపలికి బోల్టు పంపాల్సి వస్తే కిట్‌లో స్ప్రింగు లాంటి లాగుడు తీగ ఇస్తారు. దాన్ని బయటి బెజ్జంలోంచి లోపలికి దూర్చి, కొసకి బోల్టు మర ఎక్కించి, వెనక్కి లాగితే బోల్టు తన చోటికి వస్తుంది. డ్రిల్లు వేయమన్న చోట చిన్న బిట్‌తో మొదలెట్టి పెద్దదానికి పోవాలి. తెరుచుకున్న ఇనుము అంచుకి ప్రైమర్ పూయకపోతే ఒక్క మంచు కాలంలోనే, రోడ్డు మీద చల్లే ఉప్పుకి, తుప్పు పట్టడం మొదలవుతుంది.

అన్నీ కూర్చున్నాక ఒక్కొక్క బోల్టూ తీసి, మరకి కిట్‌లో చెప్పిన థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) రాసి, టార్క్ రెంచ్‌తో బిగించాలి. అరంగుళం గ్రేడ్ 5 బోల్టుకి పొడిగా ఉన్నప్పుడు సుమారు 75 ఫుట్-పౌండ్లు మామూలు లెక్క. థ్రెడ్‌లాకర్ మరకి తడిలా పనిచేస్తుంది కాబట్టి కిట్ కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించాలి. బిగించిన ప్రతి నట్టు మీద నుంచి ప్లేటు మీదకి తెల్ల పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. తర్వాత ఎప్పుడు చూసినా గీత విరిగి కనిపిస్తే ఆ నట్టు కదిలినట్టే.

బంపర్ కవరు కోయాల్సి వస్తే టేపు అంటించి గీత గీసుకుని, కొంచెం కొంచెంగా కోయండి. ముందు బండిని బట్టి వేగాన్ని తానే సర్దుకునే అడాప్టివ్ క్రూజ్ ఉన్న బండ్లలో ముందు రాడార్ ఉంటుంది. అది పక్కకి జరిగినా, దానికి బేస్‌ప్లేట్ చెయ్యి అడ్డొచ్చినా డ్యాష్‌బోర్డ్‌లో హెచ్చరిక వస్తుంది, అప్పుడు డీలర్ దగ్గర క్యాలిబ్రేషన్ తప్పదు.

లైట్ల వైరింగ్

మోటర్‌హోమ్‌లో బ్రేకు నొక్కినా, ఇండికేటర్ వేసినా జీప్ వెనక లైట్లు అలాగే వెలగాలి. వైర్ల రంగులు దాదాపు అన్ని కిట్లలో ఒకటే: తెలుపు ఎర్త్, గోధుమ రంగు టెయిల్ లైట్లు, పసుపు ఎడమ వైపు ఇండికేటర్-బ్రేకు, ఆకుపచ్చ కుడి వైపు ఇండికేటర్-బ్రేకు.

జీప్ సొంత వైర్లకి వీటిని నేరుగా కలిపితే మోటర్‌హోమ్ నుంచి వచ్చే కరెంటు జీప్ కంప్యూటర్ లోపలికి ఎదురు వెళుతుంది. ఇండికేటర్ వేస్తే లోపల ఇంకేవో లైట్లు మినుకుమంటాయి, చెడు రోజయితే మాడ్యూలే కాలిపోతుంది. మధ్యలో డయోడ్లు పెట్టేది అందుకే. పొలం మోటారు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ నీటిని వెనక్కి పోనివ్వనట్టే డయోడ్ కరెంటుని ఒక వైపుకే వదులుతుంది. దానికి రెండు ఇన్‌పుట్ కాళ్లు, ఒక అవుట్‌పుట్ కాలు. లైటుకి దగ్గర్లో జీప్ వైరు కత్తిరించి, బండి వైపు కొసని ఒక ఇన్‌పుట్‌కీ, మోటర్‌హోమ్ వైరుని రెండో ఇన్‌పుట్‌కీ, లైటు వైపు కొసని అవుట్‌పుట్‌కీ కలపాలి. కత్తిరించడం ఇష్టం లేకపోతే ప్లగ్ చేసే హార్నెస్‌లు ఉన్నాయి, మా ఓటు వాటికే. ఎల్ఈడీ టెయిల్ లైట్లున్న జీప్‌కి మాత్రం ఆ లైట్లకని చేసిన హార్నెస్సే వాడాలి, మామూలు బల్బు కిట్ పెడితే మసక వెలుగూ తప్పుడు హెచ్చరికలూ వస్తాయి.

వైర్లని ఫ్రేమ్ వెంబడి వెనక్కి తీసుకెళ్లేటప్పుడు ఎగ్జాస్ట్ పైపుకీ, తిరిగే షాఫ్టులకీ దూరంగా, ముడతల ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి, అడుగున్నరకో టై బిగించండి. ఎర్త్‌ని పెయింటు గీకిన శుభ్రమైన ఫ్రేమ్ మీద బిగించాలి. ఒకటి వేస్తే అన్ని లైట్లూ కలిసి మసగ్గా మిణుకుమంటున్నాయంటే తప్పు ఎర్త్‌లోనే ఉంటుంది, బల్బులు మార్చుకుంటూ కూర్చోకండి.

ఆరు పిన్నుల గుండ్రటి సాకెట్‌ని జీప్ ముందు బేస్‌ప్లేట్ పక్కన బిగించండి. అందులో మధ్య పిన్నుని చార్జింగ్‌కి వాడుకోవచ్చు. మోటర్‌హోమ్ 12 వోల్టుల లైను నుంచి జీప్ ప్రధాన బ్యాటరీకి వెళ్లే ఆ వైరుకి 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఈ చార్జింగ్ లైను లేకపోతే బ్రేక్ పరికరం రోజంతా జీప్ బ్యాటరీని తాగుతుంది. సాయంత్రం క్యాంప్‌కి చేరాక జీప్ స్టార్టవదు.

బ్రేకు

అమెరికాలో చాలా రాష్ట్రాలు 3,000 పౌండ్లు దాటిన దానికి సొంత బ్రేకు ఉండాలంటాయి, కొన్ని అంతకంటే తక్కువకే అడుగుతాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, రెండు టన్నులు వెనక నుంచి తోస్తుంటే మోటర్‌హోమ్ బ్రేకులు ఒక్కటే దిగుడు రోడ్ల మీద త్వరగా వేడెక్కుతాయి.

రెండు రకాల పరికరాలు ఉన్నాయి. డ్రైవరు సీటు ముందు నేల మీద పెట్టి, పెడల్‌కి క్లాంపు తగిలించే పెట్టె ఒకటి. దీన్ని వేరే కారుకీ మార్చుకోవచ్చు గానీ ప్రతిసారీ పెట్టాలి, తీయాలి. సీటు కింద శాశ్వతంగా బిగించి, కేబుల్‌తో పెడల్ లాగేది రెండోది. దాన్ని బిగించడానికి ఒక పూట పని ఎక్కువ, తర్వాత రోజూ వైరు తగిలించడమే. డీజిల్ మోటర్‌హోమ్‌కి గాలి బ్రేకులుంటే ఆ గాలితోనే నడిచే మూడో రకం కూడా ఉంది.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇంజిన్ ఆగి ఉన్న కారులో, పెడల్ తొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌లో వాక్యూమ్ నిలవదు, పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది. పెట్టె రకాన్ని సర్దే ముందు పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కి మిగిలిన వాక్యూమ్‌ని పోగొట్టండి. అలా చేయకుండా మెత్తటి పెడల్ మీద సర్దితే మొదటి బ్రేకుకే అది అవసరానికి మించి నొక్కి టైర్లని జారుస్తుంది.

తరచూ తగిలే ఇంకో చిక్కు ఉంది. మీరు ఎడమ ఇండికేటర్ వేసి బ్రేకు తొక్కారు. పరికరం జీప్ పెడల్ నొక్కగానే జీప్ సొంత బ్రేక్ స్విచ్ రెండు లైట్లనీ నిలకడగా వెలిగించేస్తుంది. ఇండికేటర్ ఆ వెలుగులో కలిసిపోతుంది, వెనకవాళ్లకి మీరు మలుపు తిరుగుతున్నట్టు తెలియదు. లాగేటప్పుడు ఆ స్విచ్ సిగ్నల్‌ని ఆపే రిలే కిట్ దొరుకుతుంది. మీ బండికి అవసరమో లేదో పరీక్షలోనే తెలుస్తుంది.

బ్రేక్‌అవే స్విచ్ అంటే కారు మోటర్‌హోమ్ నుంచి విడిపోతే పిన్ను ఊడి బ్రేకులు పడేలా చేసేది. దాని తీగని మోటర్‌హోమ్ ఛాసిస్‌కే కట్టాలి. టో బార్‌కో, డ్రాప్ రిసీవర్‌కో కడితే అవే ఊడిపోయినప్పుడు తీగ కూడా వాటితో పాటే వెళ్లిపోతుంది, పిన్ను రాదు. సేఫ్టీ కేబుళ్ల కంటే అది కాస్త పొడవుగా ఉండాలి, కానీ నేలకి రాసుకోకూడదు.

తగిలించడం, న్యూట్రల్‌లో పెట్టడం

రెండు బండ్లనీ తిన్నగా, చదునైన చోట నిలపండి. బార్ చేతుల్ని బేస్‌ప్లేట్‌కి తగిలించి, పిన్నులకి క్లిప్పులు పెట్టండి. సేఫ్టీ కేబుళ్లు బార్ కింద ఒకదాన్నొకటి దాటి వెళ్లాలి. అప్పుడే బార్ ఊడితే దాని కొన రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ కేబుళ్ల ఊయలలో ఆగుతుంది. తర్వాత బ్రేక్‌అవే తీగ, కరెంటు కేబుల్.

ఆటోమేటిక్ రాంగ్లర్‌ని న్యూట్రల్‌లో పెట్టే క్రమం ఇది:

1. ఇంజిన్ నడుస్తుండగా బ్రేకు పెడల్ నొక్కి పట్టి, గేర్‌ని ఎన్‌లో పెట్టండి.
2. ట్రాన్స్‌ఫర్ కేసు లివర్‌ని ఎన్‌లోకి లాగండి.
3. గేర్‌ని ఆర్‌లోకి మార్చి, బ్రేకు వదిలి అయిదు సెకన్లు ఆగండి. బండి కదలకూడదు.
4. డీలో పెట్టి అదే చేయండి. ఏ కొంచెం కదిలినా ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లోకి పోలేదన్నమాట, మొదటి నుంచీ చేయాలి.
5. ఎన్‌కి తెచ్చి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్ ఆపి, గేర్‌ని పీలో పెట్టండి.
6. మోటర్‌హోమ్‌కి తగిలించి ఉందని ఇంకోసారి చూసుకుని, హ్యాండ్ బ్రేకు దించండి.

ట్రాన్స్‌ఫర్ కేసు ఎన్‌లో ఉంటే గేర్ పీలో ఉన్నా బండి దొర్లిపోతుంది. చక్రాల కింద చెక్క లేకుండా, బార్ తగిలించకుండా హ్యాండ్ బ్రేకు దించితే వాలులో జీప్ తన దారిన తాను పోతుంది. మూడు, నాలుగు మెట్లలోని అయిదు సెకన్లు దాటేసేవాళ్లున్నారు. సగం దిగిన లివర్‌తో హైవే ఎక్కితే రిపేరు బిల్లు కొత్త టో బార్ ఖరీదుని మించుతుంది. మాన్యువల్ గేర్ల జీప్‌కి చివరి మెట్టు వేరు, పుస్తకం చూసి చేయండి.

మొదటి పరుగు

ఒకరు మోటర్‌హోమ్‌లో కూర్చోవాలి, ఇంకొకరు జీప్ వెనక నిలబడాలి. టెయిల్, ఎడమ, కుడి, బ్రేకు, బ్రేకు మీద ఎడమ, బ్రేకు మీద కుడి, హజార్డ్. ఏడూ చూశాకే కదలాలి. ఎడమ వేస్తే కుడి వెలిగితే పసుపు, ఆకుపచ్చ తారుమారయ్యాయి. బ్రేక్‌అవే పిన్ను కూడా ఒకసారి లాగి, పెడల్ పడిందని చూసి వెంటనే పెట్టేయండి.

మెల్లగా ముందుకి కదిలితే బార్ రెండు చేతులూ చాచుకుని టక్‌మని లాక్ అవుతాయి. దిగి కళ్లతో చూడండి. ఖాళీ పార్కింగులో రెండు వైపులా తిప్పి, కేబుళ్లు ఎక్కడా బిగుసుకోకుండా, నేలకి రాసుకోకుండా ఉన్నాయేమో చూసుకోండి. తర్వాత పది మైళ్లు నడిపి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో జీప్ చక్రాల డిస్కుల్ని కొలవండి. ముందువి వెనకవాటికంటే కొంచెం వేడిగా ఉంటే మామూలే. బ్రేకు పెద్దగా వాడకపోయినా డిస్కులు చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే పరికరం పెడల్‌ని పూర్తిగా వదలడం లేదు. యాభై మైళ్ల తర్వాత బేస్‌ప్లేట్ నట్ల మీది తెల్ల గీతలు చూసి, అవసరమైతే మళ్లీ టార్క్ చేయండి.

కొన్ని జీప్‌ల ముందు చక్రాలు గతుకు మీద గడగడ వణుకుతాయి, అద్దంలో స్పష్టంగా కనిపిస్తుంది. మెల్లగా వేగం తగ్గించి పక్కన ఆపండి. టైర్ల గాలి, ట్రాక్ బార్ బోల్టులు, టై రాడ్ కీళ్లు, స్టీరింగ్ డాంపర్, ఆ వరసలో చూడండి.

వెనక్కి తోలడం మాత్రం వద్దు, నాలుగడుగులైనా సరే. జీప్ ముందు చక్రాలు అడ్డం తిరిగి బార్ చేతులు వంగిపోతాయి. పెట్రోల్ బంకులో ఇరుక్కుంటే కారు విప్పి, మోటర్‌హోమ్‌ని తిప్పుకుని మళ్లీ కట్టుకోవడమే. మలుపులో వంకరగా ఆపితే పిన్నులు ఒత్తిడికి రావు, సుత్తి తీయకుండా మోటర్‌హోమ్‌ని ఒక అడుగు ముందుకి జరిపి చూడండి.

జీప్ టైరు పంచరైతే ముందు నడిపేవాళ్లకి ఏమీ తెలియదు. రిమ్ము రోడ్డుకి రాసుకుని పొగ లేచాకే అద్దంలో కనబడుతుంది. జీప్‌కి కంపెనీ ఇచ్చిన సెన్సర్లు చూపేది జీప్ డ్యాష్‌బోర్డ్‌లో, మోటర్‌హోమ్‌లో కాదు. వాల్వ్ మూత స్థానంలో తిప్పి పెట్టే సెన్సర్లు నాలుగు విడిగా కొని, వాటి తెరని మోటర్‌హోమ్ స్టీరింగ్ పక్కన పెట్టుకోండి. సెన్సర్ సిగ్నల్ అంత దూరం అందకపోతే బండి మధ్యలో పెట్టే రిపీటర్ కూడా అదే సెట్టులో దొరుకుతుంది.